వధువు పుష్పగుచ్ఛం

వధువు పుష్పగుచ్ఛం అనగా క్రైస్తవ వివాహాలలోను, ఐరోపా, అమెరికా పద్ధతిలో జరిగే ఇతర వివాహాలలోను పెండ్లికుమార్తె చేతిలో పట్టుకొని వచ్చే పూల కట్ట. వాడుకలో దీనిని బొకే అంటారు. తెలుగువారిలో ఈ ఆచారం ప్రధానంగా క్రైస్తవ వివాహాలలో కనిపిస్తుంది. తెలుగు హిందూ వివాహంలో వధువు చేతిలో ఉండేది అలంకరించిన కొబ్బరి బొండాం. పూలు జడలోను, మెడలోని దండలోను ఉంటాయి. రిసెప్షన్లలో అతిథులు బహూకరించే పూలగుచ్ఛాలు వేరు. అవి ఒకవైపు నుండి చూడడానికి మాత్రమే కట్టి, పారదర్శకమైన కాగితం చుట్టినవి. వధువు గుచ్ఛాన్ని అన్ని వైపుల నుండి చూస్తారు, గంటల తరబడి చేతితో మోస్తారు.

ఈ గుచ్ఛాలలో అనేక శైలులు కలవు. శైలి అనగానే ఆకారం మాత్రమే స్ఫురిస్తుంది గాని, అసలు భేదం లోపలి కట్టులో ఉంది. కాడలను అలాగే ఉంచారా, కోసివేసి తీగ గుచ్చారా, తడి నురుగు దిమ్మలో నిలిపారా అనే దానిని బట్టి పూలు ఎంతసేపు నిలిచేదీ, చేతికి ఎంత బరువు తగిలేదీ నిర్ణయమవుతాయి. చిత్రంలో చూసి ఆకారాన్ని ముందుగా ఎంచుకొని, ఈ విషయాన్ని తరువాత తెలుసుకొనేవారే ఎక్కువ. మే నెలలో జరిగే పెండ్లిలో ఈ తేడా చర్చి లోపలికి వెళ్ళకముందే బయటపడుతుంది.

చరిత్ర

వధువు తలపై పూల వలయం ధరించడం ప్రాచీన గ్రీసు, రోములలోనే ఉంది. చేతిలో గుచ్ఛం పట్టుకోవడం మాత్రం 19వ శతాబ్దంలో స్థిరపడిన ఆచారం. పూర్వం ఐరోపా వారు ఏడాదికొకసారి మాత్రమే స్నానం చేసేవారని, ఆ దుర్వాసన తెలియకుండా వధువులు పూలు పట్టుకొనేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఇది 1999లో ఈ-మెయిళ్ళ ద్వారా విస్తరించిన ఒక హాస్య రచన నుండి వ్యాపించినది. దీనికి చారిత్రక ఆధారం లేదు.

1840 ఫిబ్రవరి 10న బ్రిటన్ రాణి విక్టోరియా తన వివాహంలో తెల్లని దుస్తులతో పాటు నారింజ పూల వలయాన్ని తలపై ధరించింది. తెల్లని పూలు వధువుకు గుర్తుగా మారడానికి ఈ వివాహం బాగా తోడ్పడింది. అదే కాలంలో 'పూల భాష' అనే వేడుక ఐరోపాలో వ్యాపించి ఉంది. 1819లో షార్లెట్ డి లాటూర్ అనే కలం పేరుతో పారిస్‌లో వెలువడిన గ్రంథం దీనికి మూలం. ఒక్కొక్క పూవుకు ఒక్కొక్క భావాన్ని ఆపాదించే ఈ పట్టికలలో పుస్తకానికి పుస్తకానికి పొంతన ఉండేది కాదు. కాబట్టి గుచ్ఛంలోని పూలకు 'అసలు అర్థం' ఇదేనని నిర్ధారించి చెప్పడం కుదరదు. అయినా కొన్ని అర్థాలు నిలిచిపోయాయి. మర్టిల్ అనే సువాసన గల పొద ప్రేమకు, దాంపత్యానికి గుర్తుగా జర్మన్ దేశాలలో ఉండేది. విక్టోరియా పెద్ద కుమార్తె 1858లో తన పెండ్లి గుచ్ఛంలో మర్టిల్ కొమ్మను ఉంచింది. వైట్ ద్వీపంలోని ఆస్బోర్న్ హౌస్ తోటలో పెరిగే మర్టిల్ కొమ్మను బ్రిటిష్ రాజకుటుంబపు వధువుల గుచ్ఛాలలో ఉంచడం నేటికీ సాగుతున్న ఆచారం.

20వ శతాబ్దపు తొలినాళ్ళలో గుచ్ఛాలు పెద్దవయ్యాయి. రిబ్బన్లకు అక్కడక్కడ ముడులు వేసి, ముడి ముడికీ చిన్న పూలు కట్టి, మోకాళ్ళ వరకు వ్రేలాడదీసే 'జల్లు' గుచ్ఛం ఆ కాలపు ఫోటోలలో విరివిగా కనిపిస్తుంది. 1956 ఏప్రిల్‌లో మొనాకోలో జరిగిన నటి గ్రేస్ కెల్లీ వివాహంలో దీనికి పూర్తిగా భిన్నమైన రీతి కనిపించింది. ఆమె చేతిలో ప్రార్థన పుస్తకం, దానితోపాటు చిన్న లిల్లీ ఆఫ్ ది వ్యాలీ గుచ్ఛం మాత్రమే ఉన్నాయి. 1981 జులై 29న డయానా స్పెన్సర్ పట్టుకొన్న గుచ్ఛం మీటరుకు పైగా పొడవైనది. గార్డీనియా, స్టెఫనోటిస్, ఫ్రీసియా, ఆర్కిడ్లు, పసుపు రంగు మౌంట్‌బాటన్ గులాబీలు, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ అందులో ఉన్నాయి. ఆ తరువాత కొన్నేళ్ళ పాటు జలపాతం వంటి గుచ్ఛాలే అంతటా రాజ్యమేలాయి. 2011లో కేట్ మిడిల్టన్ చిన్న డాలు ఆకారపు గుచ్ఛాన్ని ఎంచుకొన్న తరువాత మళ్ళీ చిన్నవాటి వైపు మొగ్గు పెరిగింది. ఒక వధువు గుచ్ఛం కొన్ని లక్షల మంది వధువులు కోరే నమూనాగా మారడం ఈ చరిత్రలో పదే పదే జరిగింది. డయానా పట్టుకొన్నది ఆమె గౌను వెనుక 25 అడుగులు సాగిన కుచ్చెల పక్కన ఇమిడిపోయిన గుచ్ఛం. అదే పరిమాణం మామూలు దుస్తుల ముందు ఇమడదన్న సంగతిని అనుకరించినవారు అంతగా పట్టించుకోలేదు.

ఆకారాలు, కట్టే పద్ధతులు

నేడు అన్నిటికంటె ఎక్కువగా వాడేది చేతికట్టు గుండ్రటి గుచ్ఛం. దీనిని కట్టే విధానం సులభంగా కనిపించినా అభ్యాసం కావాలి. మొదటి కాడను నిలువుగా పట్టుకొని, తరువాతి కాడలన్నిటినీ ఒకే దిశలో వాల్చుతూ, ఒకే బిందువు వద్ద కలిసేలా చేరుస్తారు. పూర్తయిన తరువాత కాడలు కట్టుకు పైన, క్రింద విచ్చుకొని ఢమరుకం ఆకారంలో ఉంటాయి. సరిగా కట్టిన గుచ్ఛాన్ని బల్లపై నిలబెడితే దానంతట అది నిలుస్తుంది. ఒక్క కాడ ఎదురు దిశలో పడినా మిగిలిన కాడలు నలుగుతాయి. ఈ పద్ధతిలో కాడలు చెక్కుచెదరవు గనుక వధువు కారు ఎక్కే క్షణం వరకు గుచ్ఛాన్ని నీటిలో ఉంచవచ్చు. వేడి ప్రదేశాలకు ఇదే ముఖ్యమైన లాభం. కాడలన్నీ ఉండడం వలన బరువు కొంత ఎక్కువే. చేతిలోకి తీసుకొనే ముందు కాడలను పొడిబట్టతో తుడవకపోతే పట్టు దుస్తులపై నీటి మరకలు పడతాయి.

గుండ్రటి గుచ్ఛంలోనే పూలను రంగు రంగుకు ఒక వలయంగా పేర్చితే దానిని బీడర్మయర్ గుచ్ఛం అంటారు. జర్మన్, ఆస్ట్రియా ప్రాంతాలలో 1815 - 1848 మధ్య కాలానికి గల పేరే దీనికీ వచ్చింది. పూలన్నీ ఒకే పరిమాణంలో ఉంటే తప్ప వలయాలు చక్కగా కుదరవు. ఒక వలయంలోని పూలు ముందుగా విచ్చుకొంటే ఆకారం మొత్తం చెడిపోతుంది.

జలపాతం శైలి గుచ్ఛం కన్నీటి బొట్టు ఆకారంలో పైన నిండుగా ఉండి, క్రిందికి సన్నబడుతూ జారుతుంది. కాడలతో ఇలా వంచి కట్టడం సాధ్యం కాదు. అందుచేత పూలను కాడ నుండి వేరు చేసి, ఒక్కొక్క దాని పునాదిలో సన్నని తీగ గుచ్చి, ఆకుపచ్చని సాగే టేపు చుట్టి, ఆ తీగలను వంచి కూరుస్తారు. ఇది గంటల తరబడి సాగే పని. ధరలో ఎక్కువ భాగం పూలది కాక కూలిదే. కాడలు లేకపోవడం వలన ఇది పరిమాణానికి తగినంత బరువు ఉండదు, పిడి సన్నగా ఉంటుంది. కాని తీగ గుచ్చిన పూవుకు నీరు అందే మార్గం లేదు. అది అప్పటికి తనలో ఉన్న తేమతోనే బ్రతకాలి. 2011లో బ్రిటన్‌లో ఏప్రిల్ చివరి చల్లదనంలో తీగకట్టు లిల్లీ ఆఫ్ ది వ్యాలీ నిలిచిందంటే, అదే పని విజయవాడలో అదే నెలలో సాధ్యమని కాదు.

దీనికి మార్గాంతరం ప్లాస్టిక్ పిడి గల నురుగు దిమ్మ. నీరు పీల్చే ఈ ఆకుపచ్చని దిమ్మను అమెరికాలో వెర్నన్ స్మిథర్స్ 1954లో రూపొందించాడు. పొట్టిగా కోసిన కాడలను తడిసిన దిమ్మలో గుచ్చితే పూలు సాయంత్రం వరకు తాజాగా ఉంటాయి. నీటితో కలిపి బరువు పెరుగుతుంది. ఒకసారి గుచ్చిన కాడను పీకి మళ్ళీ అదే రంధ్రంలో పెడితే నీరు అందదు. ఈ దిమ్మ ఫినాల్ ఫార్మాల్డిహైడ్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతుంది. మట్టిలో కలియక సూక్ష్మమైన ముక్కలుగా విడిపోతుంది. ఈ కారణంగా బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుండి తన ప్రదర్శనలలో దీనిని నిషేధించింది.

పొడవైన కాడలు గల పూలను కట్టగా చేసి, పసిబిడ్డను ఎత్తుకొన్నట్లు ముంజేతిపై వాల్చి పట్టుకొనేది చేతివాలు గుచ్ఛం. కాలా లిల్లీ, గ్లాడియోలస్, నేల సంపెంగ దీనికి అనువైనవి. ఇది కట్టడానికి తేలిక, ఖర్చు తక్కువ. మన ప్రాంతంలో దొరికే పూలకు సహజంగా సరిపోయే శైలి ఇదే అయినా ఎందుచేతనో దీనిని అడిగేవారు తక్కువ. రిబ్బనుతో వ్రేలాడే పూల బంతులను సాధారణంగా పూలు చల్లే చిన్న పిల్లలకు ఇస్తారు. బైబిల్ అట్టపై నాలుగైదు పూలను రిబ్బనుతో బిగించి పట్టుకోవడం పాత పద్ధతి. పెద్ద గుచ్ఛం వద్దనుకొనేవారికి ఇది నేటికీ మంచి ఎంపిక.

దుస్తులను బట్టి ఎంపిక

గుచ్ఛం దుస్తులకు అనుబంధం గనుక దుస్తులు నిర్ణయమైన తరువాతే శైలిని ఎంచుకోవడం మేలు. కుచ్చులు నిండుగా ఉండి నేల మీద పరచుకొనే గౌను ముందు చిన్న గుచ్ఛం కనిపించకుండా పోతుంది. ఒంటికి అంటిపెట్టుకొనే సాదా గౌనుకు పొడవైన చేతివాలు గుచ్ఛం లేదా చిన్న గుండ్రటిది నప్పుతుంది. వెడల్పు వధువు నడుము వెడల్పును మించకూడదని పూల అలంకరణ నిపుణులు చెబుతారు. పొట్టిగా ఉన్నవారు మోకాళ్ళు దాటే జలపాతాన్ని పట్టుకొంటే మరింత పొట్టిగా కనిపిస్తారు. ఎంత మంచి గుచ్ఛమైనా గుండెల దగ్గర పట్టుకొంటే భుజాలు పైకి లేచి బిగుసుకొన్నట్లు కనిపిస్తుంది. మోచేతులు కొద్దిగా వంచి, బొడ్డుకు ఎదురుగా పట్టుకోవడం సరియైన పద్ధతి.

తెలుగు క్రైస్తవ వధువులు అనేకులు తెల్లని లేదా మీగడ రంగు పట్టుచీర కట్టి, తలపై ముసుగు ధరిస్తారు. చీరకు గల అవసరాలు గౌనుకు గల వాటి వంటివి కావు. చీర ముందుభాగపు అందమంతా కుచ్చిళ్ళలోను, పైట జరీ అంచులోను ఉంటుంది. పొడవైన జలపాతం వాటినే కప్పివేస్తుంది. పైట ఎడమ భుజం మీద ఉంటుంది గనుక చేతివాలు గుచ్ఛాన్ని కుడి ముంజేతిపై పట్టుకొంటే పైటకు ఆకులు, తీగ కొనలు తగులుకోవు. అనేక చోట్ల వధూవరులు పూలదండలు కూడా మార్చుకొంటారు. మెడలో నిండైన దండ ఉన్నప్పుడు చేతిలో పెద్ద గుచ్ఛం ఉంటే రెండూ ఒకదానినొకటి మింగివేస్తాయి. దండ ఉండే పెండ్లికి చిన్న గుచ్ఛమే తగినది.

తెలుపులో కూడా భేదాలున్నాయి. స్వచ్ఛమైన తెల్లని కార్నేషన్లు మీగడ రంగు పట్టు పక్కన పెడితే చీర మాసినట్లు కనిపిస్తుంది. చీర రవిక గుడ్డలోని చిన్న ముక్కను పూల దుకాణానికి తీసుకొని వెళ్ళి, పగటి వెలుగులో పూవు పక్కన పెట్టి చూడడం ఒక్కటే దీనికి నమ్మదగిన ఉపాయం.

ఆరాధనక్రమాన్ని కూడా గమనించాలి. ప్రమాణాల సమయంలో చేతులు కలపాలి, ఉంగరాలు తొడగాలి, అనేక తెలుగు సంఘాలలో తాళి కట్టాలి, చివర రిజిస్టరులో సంతకం చేయాలి. ఇన్నిసార్లు గుచ్ఛం తోడి పెండ్లికూతురి చేతికి వెళ్ళి తిరిగి రావాలి. చేతికట్టు గుచ్ఛాన్ని ఒక గాజు పాత్రలో నిలపవచ్చు. జలపాతాన్ని బల్లపై పడుకోబెడితే క్రిందివైపు పూలు నలిగిపోతాయి. దానికి స్టాండు కావాలి, లేదా ఎవరో ఒకరు పట్టుకొనే ఉండాలి.

పూలు, వాతావరణం

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలంలో (దీనిని కతోలికులు తపస్సు కాలం అంటారు) వివాహాలు జరపని సంప్రదాయం అనేక సంఘాలలో ఉంది. అందువలన ఈస్టరు తరువాత ఏప్రిల్, మే నెలలలో పెండ్లిళ్ళు ముమ్మరమవుతాయి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణాలలో 40 డిగ్రీలు దాటే ఎండలు కూడా అప్పుడే. ఐరోపా పుస్తకాలలోను, చిత్రాలలోను ప్రశంసించే పూలలో సగం ఈ ఎండకు ఆగవు. హైడ్రాంజియా నీటి నుండి తీసిన కొద్దిసేపటికే వాలిపోతుంది. స్వీట్ పీ, లిల్లీ ఆఫ్ ది వ్యాలీ కూడా అంతే. గార్డీనియా రేకులు వ్రేలు తగిలిన చోట గోధుమ రంగుకు మారతాయి. గులాబీ మొగ్గగా కట్టినది సాయంత్రానికి పూర్తిగా విచ్చుకొంటుంది. వేడికి తట్టుకొనేవి డెండ్రోబియం ఆర్కిడ్లు, కార్నేషన్లు, చామంతులు, ఆంథూరియం, విచ్చని నేల సంపెంగ మొగ్గలు. వీటితో తీగకట్టు గుచ్ఛాన్ని కూడా ధైర్యంగా చేయించవచ్చు. తొందరగా వాడే పూవు కావాలనుకొంటే మాత్రం చేతికట్టు లేదా నురుగు దిమ్మ శైలి తప్పనిసరి.

పేర్ల విషయంలో ఒక చిక్కు ఉంది. హైదరాబాదులోని గుడిమల్కాపూర్ మార్కెట్లోను, తూర్పు గోదావరి జిల్లా కడియపులంక మార్కెట్లోను 'లిల్లీ' అని అడిగితే చేతికి వచ్చేది నేల సంపెంగ. బూర ఆకారంలో పెద్ద రేకులతో ఉండే అసలు లిల్లీ కావాలంటే చిత్రం చూపించి చెప్పాలి. లిల్లీ ఆఫ్ ది వ్యాలీ చల్లని దేశాల పూవు, ఈ రెండింటికీ భిన్నమైనది. దానిలో గుండెపై పనిచేసే విషపదార్థాలు ఉన్నాయి గనుక కేకు మీద అలంకరణకు, చిన్నపిల్లల చేతికి పనికిరాదు. దాని రూపమే కావాలనుకొంటే నేల సంపెంగ పూలను విడదీసి తీగ గుచ్చి వాడవచ్చు. అసలు లిల్లీ వాడినప్పుడు నారింజ రంగు పుప్పొడి తిత్తులను తీసివేయాలి. ఆ పుప్పొడి చీరకు అంటితే నీటితో కడగకూడదు, చేతితో రుద్దకూడదు. అంటుకొనే టేపుతో మెల్లగా లేపివేయాలి. నేల సంపెంగ వాసన కారు వంటి మూసిన చోట కొందరికి తలనొప్పి తెప్పిస్తుంది. వధువు ఉపవాసం ఉండి వచ్చే ఉదయపు పెండ్లిళ్ళలో ఇది చిన్న విషయం కాదు.

భద్రపరచడం

గుచ్ఛాన్ని పెండ్లినాటి ఉదయాన, లేదా ముందునాటి రాత్రి కట్టించి చల్లని చీకటి గదిలో ఉంచుతారు. ఇంటి ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు వలన రెండు నష్టాలు ఉన్నాయి. ఆర్కిడ్లు, ఆంథూరియం ఉష్ణప్రాంతపు పూలు. అతి చల్లదనానికి వాటి రేకులు నల్లబడతాయి. రెండవది పండ్లు. పండే పండ్ల నుండి ఇథిలీన్ అనే వాయువు వెలువడుతుంది. ఇది పూలను త్వరగా ముదిరేటట్లు చేస్తుంది. కార్నేషన్లు, ఆర్కిడ్లు దీనికి త్వరగా లొంగుతాయి. పెండ్లింట అరటి గెలలు, మామిడి పండ్ల గంపలు ఉంచిన గదిలో గుచ్ఛాన్ని దాచితే తెల్లవారేసరికి కార్నేషన్ రేకులు లోపలికి ముడుచుకొని ఉంటాయి. చాలా సందర్భాలలో దుకాణదారు పాత పూలు ఇచ్చాడన్న తగవు వెనుక కారణం ఈ గంపలే.

వివాహం తరువాత

అవివాహిత యువతుల వైపు గుచ్ఛాన్ని వెనుకకు విసరడం అమెరికా, బ్రిటన్‌లలో వేడుక. పట్టుకొన్నవారికి త్వరలో పెండ్లి అవుతుందని అంటారు. అసలు గుచ్ఛాన్ని దాచుకోదలచినవారు విసరడానికి మరొక చిన్నది కట్టిస్తారు. తీగకట్టు, నురుగు దిమ్మ గుచ్ఛాలు బరువుగాను, కొనలు గుచ్చుకొనేవిగాను ఉంటాయి గనుక విసరడం క్షేమం కాదు.

బ్రిటిష్ రాజకుటుంబంలో దీనికి వేరొక ఆచారం ఉంది. 1923 ఏప్రిల్ 26న ఎలిజబెత్ బోవ్స్-లయన్ వెస్ట్‌మినిస్టర్ అబేలోకి వివాహానికి వెళ్తూ, తన గుచ్ఛాన్ని అజ్ఞాత యోధుని సమాధిపై ఉంచింది. ఆమె సోదరుడు ఫెర్గస్ 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించాడు. ఆ తరువాతి రాజకుటుంబ వధువులు వివాహం ముగిసిన మీదట గుచ్ఛాన్ని అక్కడికి పంపుతున్నారు. ఆమె కుమార్తె, తరువాతి కాలపు రాణి రెండవ ఎలిజబెత్, 1947లో పట్టుకొన్న తెల్లని ఆర్కిడ్ల గుచ్ఛం పెండ్లి రోజునే ఎక్కడో పెట్టి మరచిపోవడంతో, ఫోటోల కొరకు మరొకటి కట్టించవలసి వచ్చింది. 1981లో డయానాకు ఒకే రకమైన గుచ్ఛాలు రెండు సిద్ధం చేశారు.

గుచ్ఛాన్ని దాచుకోవాలంటే ఆ రాత్రే పని మొదలుపెట్టాలి. చేతికట్టు గుచ్ఛాన్ని విప్పి, నాలుగైదు కాడల చొప్పున తలక్రిందులుగా, గాలి ఆడే చీకటి గదిలో వ్రేలాడదీస్తే రెండు మూడు వారాలలో ఎండుతుంది. సిలికా జెల్ రేణువులలో పాతిపెట్టిన పూలు రేకుల ఆకారాన్ని మరింత చక్కగా నిలుపుకొంటాయి. తెల్లని పూలు ఎండిన తరువాత మీగడ రంగుకో గోధుమ రంగుకో మారతాయి. గులాబీ, చామంతి, జిప్సోఫిలా బాగా ఎండుతాయి. ఆర్కిడ్లు, నేల సంపెంగలు కండగల రేకుల వలన గాలికి ఎండక కుళ్ళిపోతాయి; వాటికి సిలికా జెల్ తప్పదు. కోస్తా జిల్లాలలో గాలిలోని తేమను ఎండిన పూలు తిరిగి పీల్చుకొని బూజు పడతాయి గనుక, వాటిని గాలి చొరబడని గాజు పెట్టెలో మూసి ఉంచాలి.